ఉతికిన బట్టలకు ముక్క వాసన ఎందుకొస్తుంది, దాన్ని ఎలా వదిలించుకోవాలి

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇది: మెషిన్‌లోంచి తీసినప్పుడు బట్టలు బాగానే ఉంటున్నాయి, ఆరేసరికి ముక్క వాసన మొదలవుతోంది. తువ్వాళ్లయితే ఆరాక పర్వాలేదనిపించినా, ఒళ్లు తుడుచుకోగానే మళ్లీ గుప్పుమంటున్నాయి. డిటర్జెంట్ రెట్టింపు వేశారు, సువాసన వచ్చే సాఫ్ట్‌నర్ పోశారు, లాభం లేకపోయింది. మెషిన్ మార్చేయాలా అని అడుగుతున్నారు.

మార్చకండి. డిటర్జెంట్ రెట్టింపు వేయడం మాత్రం ఈ రోజే ఆపేయండి. తువ్వాళ్లు, దుప్పట్లు రోజూ గుట్టలుగా వచ్చే లాండ్రీలో చాలా ఏళ్లు పని చూసుకున్నాను. ఈ ఫిర్యాదు ఎప్పుడు వచ్చినా వెనకాల కనిపించేవి రెండే. ఒకటి, ఉతికినా బట్టలో జిడ్డు మిగిలిపోవడం. రెండు, ఉతికాక బట్ట ఎక్కువసేపు తడిగా ఉండిపోవడం. రెండూ కలిశాయంటే వాసన ఖాయం. సువాసన లిక్విడ్లు ఈ రెండింటిలో దేన్నీ ముట్టుకోవు, అందుకే మీకు పనిచేయలేదు.

వాసన ఎలా పుడుతుందో తెలిస్తే ఏ పని ఎందుకు చేయాలో మీకే అర్థమవుతుంది, కాబట్టి అది కాస్త వివరంగా చెబుతాను. ఒంటి నుంచి బట్టకు చేరేది చెమట ఒక్కటే కాదు. చర్మంలో ఊరే జిడ్డు, రాలే పొట్టు, మనం రాసుకునే క్రీములు, నూనెలు అన్నీ పోగుల మధ్యకు దిగుతాయి. చల్లనీళ్లలో ఉతికితే ఉప్పు, దుమ్ము లాంటివి తేలిగ్గా పోతాయి. జిడ్డు అంత తేలిగ్గా వదలదు. పైకి బట్ట శుభ్రంగానే కనిపిస్తుంది, కానీ వారం వారం కొద్దికొద్దిగా లోపల పేరుకుంటూ పోతుంది. బాక్టీరియాకు అదే తిండి. తిండికి తడి, కాస్త వెచ్చదనం తోడైతే కొన్ని గంటలు చాలు, అవి పెరిగి ఆ జిడ్డును ఘాటైన ఆమ్లాలుగా మార్చేస్తాయి. మన ముక్కుకు తగిలేది ఆ ఆమ్లాలే.

జపాన్ పరిశోధకులు 2012లో దీని మీద ఒక మంచి పని చేశారు. ఉతికి ఆరేసిన బట్టల్లో వచ్చే ‘తడి మసిగుడ్డ’ లాంటి వాసనకు ముఖ్య కారణం 4-మిథైల్-3-హెక్సెనోయిక్ ఆమ్లం అని, దాన్ని తయారుచేసేది మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బాక్టీరియా అని తేల్చారు. అందులో మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఈ బాక్టీరియా ఎండిపోవడాన్నీ, అతినీలలోహిత కిరణాలనూ బాగానే తట్టుకుంటుంది. అంటే ఎండలో ఆరేసినంత మాత్రాన పూర్తిగా చావదు. ఆరిన బట్టలో అలాగే పడి ఉండి, మళ్లీ తడి తగలగానే పని మొదలుపెడుతుంది. మీ తువ్వాలు ఆరాక మామూలుగా ఉండి, ఒళ్లు తుడుచుకోగానే వాసన కొట్టడానికి కారణం ఇదే. ఇది కొత్తగా పుట్టిన వాసన కాదు, పాత జిడ్డు, పాత బాక్టీరియా లోపలే ఉన్నాయని చెప్పే గుర్తు. మామూలు ఉతుకు ఇంకో పది వేసినా ఆ తువ్వాలు బాగుపడదు.

ఇక మీ ఇంట్లో తప్పు ఎక్కడుందో పట్టుకుందాం. ఊహించి డబ్బు ఖర్చు పెట్టేకంటే ఒక్క పూట పరీక్ష చేసుకోవడం మేలు. వాసన వస్తున్న నూలు తువ్వాలు ఒకటి తీసుకుని బకెట్‌లో వేసి, చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు పోయండి. సబ్బు, పొడి ఏమీ వేయొద్దు. కర్రతో కాసేపు కలియతిప్పి పది నిమిషాలు వదిలేయండి. ఉతికి మడతపెట్టిన తువ్వాలే కదా, నీళ్లు తేటగా ఉండాలి. కానీ ఇలాంటి తువ్వాళ్లతో నేను చూసేది వేరు. నీళ్లు బూడిద రంగుకు తిరుగుతాయి, పైన సన్నటి నురగ అంచు కడుతుంది, వేలితో రుద్దితే జారుడుగా తగులుతుంది. ఆ నురగ పోయిన ఉతుకుల్లో సరిగా జాడించక మిగిలిన డిటర్జెంట్. ఆ బూడిద రంగు, అందులో చిక్కుకున్న మురికి. మీకూ ఇదే కనిపిస్తే రెట్టింపు డిటర్జెంట్ వల్ల మేలు జరగకపోగా కీడు జరిగిందని అర్థం.

రెండో పరీక్ష మెషిన్‌కి. కింద చెప్పబోయే పద్ధతిలో రెండు తువ్వాళ్లను బాగా నానబెట్టి, వాసన పూర్తిగా పోగొట్టండి. తర్వాత ఒకదాన్ని మెషిన్‌లో, ఇంకోదాన్ని శుభ్రమైన బకెట్‌లో చేత్తో ఉతకండి. రెండింటినీ ఒకేలా గట్టిగా పిండి, ఒకే ఫ్యాన్ ముందు పక్కపక్కనే ఆరేయండి. మెషిన్‌లో ఉతికిందే వాసన వస్తే మెషిన్‌లో పాచి ఉన్నట్టు. రెండూ బాగుంటే మెషిన్ తప్పు లేదు, ఇన్నాళ్లూ బట్టలు ఆరడంలో ఆలస్యమవుతోంది. రెండూ వాసన వస్తే నానబెట్టడం చాల్లేదు, లేదా మీ నీళ్లలోనే ఏదో ఉంది.

ఇప్పుడు ఆ నానబెట్టే పద్ధతి. పాత వాసనకు నేను నమ్మేది ఆక్సిజన్ బ్లీచ్ ఒక్కటే. సోడియం పెర్‌కార్బొనేట్ అనే తెల్లటి గుళికల పొడి అది. నీళ్లలో కలవగానే హైడ్రోజన్ పెరాక్సైడ్‌గానూ, బట్టల సోడాగానూ విడిపోతుంది. సోడా జిడ్డును వదులు చేస్తుంది, పెరాక్సైడ్ బాక్టీరియాను చంపి, వాసన పదార్థాలను విరగ్గొడుతుంది. చల్లనీళ్లలో ఇది చాలా నెమ్మదిగా పనిచేస్తుంది. మామూలు నూలు బట్టలకు 50 నుంచి 60 డిగ్రీల నీళ్లు ఉండాలి. ప్యాకెట్ మీద రాసిన మోతాదు వేసి, పొడి పూర్తిగా కరిగాకే బట్టలు ముంచండి. కరగని గుళికలు బట్ట మీద పడితే అక్కడ రంగు పోవచ్చు. కొన్ని గంటలు నాననిచ్చి, తర్వాత మామూలుగా ఉతికి, ఒకటికి రెండుసార్లు జాడించండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఉన్ని, పట్టు, తోలు వీటికి దగ్గరకు కూడా రానివ్వొద్దు. రంగు బట్టలైతే లోపలి అంచు మీద ఒక చోట ముందు పరీక్షించండి. ఒక ముఖ్యమైన జాగ్రత్త: కలిపిన నీళ్లను సీసాలో పోసి మూత బిగించి దాచకండి. అందులోంచి ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది, సీసా పగలొచ్చు.

జిడ్డు మరీ ఎక్కువగా ఉన్న బట్టలకు, అంటే దిండు గలీబులు, కాలర్లు, వంటింటి గుడ్డలకు, దీనికి ముందు ఇంకో మెట్టు వేస్తే ఫలితం బాగుంటుంది. ఎంజైములున్న డిటర్జెంట్‌ను గోరువెచ్చటి నీళ్లలో, 40 డిగ్రీల దరిదాపుల్లో కలిపి ఓ గంట నానబెట్టండి. ఎంజైములు చెమటలోని మాంసకృత్తులను, జిడ్డును చిన్న ముక్కలు చేస్తాయి. మరీ వేడిలో అవి పాడైపోతాయి కాబట్టి ముందు గోరువెచ్చన, తర్వాత వేడి. ఈ వరస తిప్పకండి. పట్టు, ఉన్ని కూడా మాంసకృత్తులే కనుక వాటికి ఎంజైముల డిటర్జెంట్ పనికిరాదు, వాటికోసమే వచ్చే మెత్తని లిక్విడ్ వాడాలి.

ఇంత చేశాక ఆ తువ్వాలును ఆరనిచ్చి, మళ్లీ తడిపి, వాసన చూడండి. పొడిగా ఉన్నప్పుడు చూస్తే సరిపోదు. తడిపినప్పుడు కూడా వాసన లేకపోతేనే అది నిజంగా బాగుపడినట్టు.

డిటర్జెంట్ మోతాదు గురించి అందరూ ఒకే సలహా ఇస్తారు, ‘తక్కువ వేయండి’ అని. నేను అలా చెప్పను. నీళ్లను బట్టి ఉంటుంది. కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి డిటర్జెంట్‌లో కొంత భాగాన్ని పనిచేయకుండా చేస్తాయి, కాబట్టి అక్కడ కాస్త ఎక్కువే కావాలి, లేదా కొంచెం బట్టల సోడా కలపాలి. మెత్తటి నీళ్లలో అదే మోతాదు వేస్తే నురగ వదలదు. కాబట్టి కొలత కన్నా కన్ను ముఖ్యం. ఆఖరి జాడింపు నీళ్లు చూడండి. నురగ కనిపిస్తే ఎక్కువైంది. నురగ లేదు కానీ కాలర్ దగ్గర జిడ్డు అలాగే ఉంది అంటే తక్కువైంది, లేదా నీళ్లు మరీ చల్లగా ఉన్నాయి. సాధారణంగా లిక్విడ్ డిటర్జెంట్లలో ఆక్సిజన్ బ్లీచ్ ఉండదు. పౌడర్లలో కొన్నిటిలో ఉంటుంది, ప్యాకెట్ మీద చదివితే తెలుస్తుంది. ఏళ్ల తరబడి లిక్విడ్‌తో, చల్లనీళ్లలోనే ఉతికే ఇళ్లలో ఈ వాసన నాకు ఎక్కువగా కనిపించింది. లిక్విడ్ మానేయమని కాదు. తువ్వాళ్లు, దుప్పట్లు, లోదుస్తులు మాత్రం అప్పుడప్పుడూ 60 డిగ్రీల నీళ్లలో, బ్లీచ్ ఉన్న పౌడర్‌తో ఉతకండి. బట్ట లేబుల్ ఒప్పుకుంటేనే సుమా.

సాఫ్ట్‌నర్ విషయంలో నా మాట కాస్త కటువుగా ఉంటుంది. తువ్వాళ్లకు అసలు వాడొద్దు. అది పోగుల చుట్టూ పల్చటి పూతలా అతుక్కుంటుంది. మెత్తగా తగిలేది ఆ పూతే. దాని వల్ల తువ్వాలు నీళ్లు పీల్చడం తగ్గుతుంది, కింద ఉన్న జిడ్డు తర్వాతి ఉతుకులో బయటకు రావడం కష్టమవుతుంది. వ్యాయామం బట్టలకూ ఇదే మాట.

మెషిన్ నిండా కుక్కడం ఇంకో పెద్ద కారణం. డ్రమ్ములో బట్టలు పైనుంచి కిందకు పడి దొర్లాలి, నీళ్లు మధ్యలోంచి పోవాలి. బట్టలన్నీ వేశాక పైన మీ అరచెయ్యి నిలువుగా పట్టేంత చోటు మిగలాలి. అలా లేదంటే కొన్ని తీసేయండి. ఎక్కువ నింపితే ఉతుకూ సరిగా రాదు, జాడింపూ రాదు, స్పిన్ కూడా సరిగా జరగదు.

ఉతకడానికి ముందు జరిగేదాన్ని కూడా చాలామంది పట్టించుకోరు. తడి తువ్వాలును మురికి బట్టల బుట్టలో వేసి మూత పెట్టేస్తారు. వారం తర్వాత ఉతికే వేళకు అందులో ఉండాల్సినదంతా పెరిగి ఉంటుంది, పక్క బట్టలకూ అంటుకుంటుంది. తడి బట్టను ముందు దండెం మీద ఆరనిచ్చి తర్వాత బుట్టలో వేయండి. బుట్ట కూడా గాలి ఆడేదై ఉండాలి. ఈ ఒక్క అలవాటు మార్చుకుని సగం సమస్య తగ్గించుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు మెషిన్ దగ్గరకు వద్దాం. ముందు తలుపు ఉండే రకమైతే, తలుపు చుట్టూ ఉన్న బూడిద రంగు రబ్బరును చూడండి. దాని మడతను రెండు వేళ్లతో వెనక్కి తిప్పి, లోపల తెల్ల గుడ్డ పెట్టి కింది భాగంలో ఒకసారి తుడవండి. గుడ్డ నల్లటి జిగటతో బయటకు వస్తుంది. అందులో దారపు పోగులు, వెంట్రుకలు, కొన్నిసార్లు నాణెమో గుండీయో ఉంటాయి. రబ్బరు మీదే నల్లటి చుక్కలు కనిపిస్తే అది బూజు. వాసన చూస్తే మీ తువ్వాలు వాసనే. ప్రతి ఉతుకులోనూ నీళ్లు ఆ మడతను తాకే వెళతాయి, కాబట్టి అది శుభ్రం చేయకుండా బట్టలు ఎన్నిసార్లు ఉతికినా పాచి పట్టిన బిందెలో మంచినీళ్లు పట్టినట్టే. వేడి నీళ్లు, డిటర్జెంట్, పాత టూత్‌బ్రష్ తీసుకుని చుట్టూ మడత లోపల రుద్దండి. పొడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

డిటర్జెంట్ వేసే సొరుగును పూర్తిగా బయటకు లాగండి. చాలావాటికి మధ్యలో ఒక నొక్కు ఉంటుంది, దాన్ని నొక్కితే ఊడి వస్తుంది. సాఫ్ట్‌నర్ గది కింద గట్టిపడిన జిగురు ఉంటుంది, అది కడగండి. సొరుగు వెళ్లే గూటి పైకప్పును మర్చిపోవద్దు. నీళ్లు చిమ్మే రంధ్రాలు అక్కడే ఉంటాయి, అక్కడ బూజు పడితే ప్రతి ఉతుకులో బట్టల మీదే రాలుతుంది. తర్వాత కింద మూలలో ఉండే డ్రెయిన్ ఫిల్టర్. మెషిన్ స్విచ్ తీసేసి, నీళ్లు చల్లారాక, కింద వెడల్పాటి పళ్లెం పెట్టి నెమ్మదిగా విప్పండి. నిలిచిన నీళ్లు వస్తాయి, ఆ వాసన బాగానే కొడుతుంది. చెత్త తీసి కడిగి, మళ్లీ గట్టిగా బిగించండి.

ఇవన్నీ అయ్యాక బట్టలేమీ లేకుండా, మెషిన్‌లో ఉన్న అతి వేడి ప్రోగ్రాం లేదా డ్రమ్ క్లీన్ ప్రోగ్రాం నడపండి. అందులో ఆక్సిజన్ బ్లీచ్ గానీ, మెషిన్ పుస్తకంలో చెప్పిన క్లీనర్ గానీ వేయండి. పై తలుపు మెషిన్లలో పాచి కనబడదు. లోపలి డ్రమ్ముకూ బయటి తొట్టికీ మధ్య సందులో పేరుకుంటుంది. వాటిలో వేడి నీళ్లు, ఆక్సిజన్ బ్లీచ్ నింపి, కొన్ని గంటలు ఆపి ఉంచి, తర్వాత ప్రోగ్రాం కొనసాగించాలి. మొదటిసారి నల్లటి పొరలు తేలుతూ వస్తే కంగారు పడొద్దు, అవి రావడం ఆగేదాకా ఇంకోసారి, అవసరమైతే మరోసారి నడపండి. తర్వాత నెలకోసారి చాలు.

ఉతుకు అయ్యాక తలుపు, సొరుగు రెండూ కాస్త తెరిచి ఉంచండి. తడి బయటకు పోకపోతే శుభ్రం చేసినదంతా కొన్ని వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుగానీ, పిల్లి, కుక్క లాంటివిగానీ ఉంటే తలుపు బార్లా తెరవకండి, సందు మాత్రం ఉంచి గది తలుపు వేసుకోండి. పిల్లలు డ్రమ్ములోకి దూరే ప్రమాదం నిజంగా ఉంది.

ఇక ఆరబెట్టడం. నా అనుభవంలో అసలు గెలుపోటములు ఇక్కడే తేలేది, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను.

మెషిన్ ఆగగానే బట్టలు తీయండి. మూసిన డ్రమ్ములో, వెచ్చగా, తడిగా, ముద్దగా ఉండటం కంటే బాక్టీరియాకు కావాల్సింది ఇంకేముంటుంది? బయటకు వెళ్లేముందు మెషిన్ వేసి సాయంత్రం వచ్చి తీసే అలవాటుంటే, టైమర్ పెట్టుకుని మీరు ఇంటికొచ్చే వేళకు ఉతుకు పూర్తయ్యేలా చూసుకోండి. పొరపాటున రాత్రంతా ఉండిపోతే వాసన చూసి, అనుమానంగా ఉంటే మళ్లీ ఉతకడమే. ఆ స్థితిలో ఆరేస్తే వాసన బట్టలోనే స్థిరపడిపోతుంది.

తర్వాత స్పిన్. నిమిషానికి 1000 నుంచి 1200 చుట్ల వేగంలో తిప్పినా, నూలు బట్టల్లో వాటి పొడి బరువులో సగానికి పైగా నీళ్లు మిగులుతాయి. 5 కిలోల బట్టలంటే రెండున్నర నుంచి మూడు లీటర్ల నీళ్లు. అదంతా గాలిలోకి పోవాలి. ఆరేసే గది చిన్నదై, తలుపులు మూసి ఉంటే ఆ నీళ్లన్నీ ఆ గది గాలిలోనే చేరతాయి. గాలి తడితో నిండాక బట్టలు ఆరడం దాదాపు ఆగిపోతుంది. అందుకే తువ్వాళ్లు, జీన్స్ లాంటి మందపు బట్టలకు ఇంకోసారి స్పిన్ ఒక్కటే విడిగా వేయండి. కొన్ని నిమిషాల పని. దాని వల్ల ఆరే సమయంలో గంటలు మిగులుతాయి. సున్నితమైన బట్టలకు మాత్రం తక్కువ వేగమే ఉంచండి.

ఆరేసేటప్పుడు వేడి కన్నా గాలి కదలిక ముఖ్యం. తడి బట్ట చుట్టూ తడిగాలి పొరలా అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ పొర కదలకపోతే లోపలి నీరు బయటకు రాదు. ఒక మామూలు ఫ్యాన్‌ను బట్టల మీదకు పక్కనుంచి పెట్టండి, బట్టల మధ్యలోంచి గాలి దూరేలా. పైనుంచి తిరిగే ఫ్యాన్ కంటే ఇది బాగా పనిచేస్తుంది. బట్టకీ బట్టకీ మధ్య ఒక చెయ్యి వెడల్పు వదలండి. తువ్వాలును తీగ మీద సగానికి మడిచి వేస్తే లోపలి రెండు ముఖాలూ ఒకదానికొకటి అంటుకుని, అక్కడే వాసన పుడుతుంది. రెండు తీగల మీదుగా పరవండి, లేదా అంచు దగ్గర క్లిప్పులు పెట్టి పూర్తి పొడవునా వేలాడదీయండి. ప్యాంట్లను లోపలివైపు బయటకు తిప్పి, జేబులు బయటకు లాగి, నడుం పట్టీ విప్పి వేయండి. టోపీ ఉన్న స్వెట్‌షర్ట్‌లను తలకిందులుగా వేలాడదీస్తే టోపీ వీపుకు అంటుకోదు.

కిటికీ తీయాలా మూయాలా అన్నది బయటి గాలిని బట్టి. బయట పొడిగా ఉంటే ఎదురెదురు కిటికీలు తెరవండి. వాన ముసురు పట్టి బయటి గాలే తడిగా ఉన్నప్పుడు కిటికీ తెరిచి లాభం తక్కువ. అప్పుడు ఒక గది మూసి, గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ గానీ, ఏసీ గానీ వేసి ఫ్యాన్ తోడు పెట్టండి. ఆ రెండూ లేకపోతే ఉతుకును చిన్న భాగాలు చేసి, ఒక్కోసారి కొన్ని బట్టలే ఉతకండి. ముసురు రోజుల్లో అన్నీ ఒకేసారి ఉతికి ఇంటినిండా ఆరేసేకంటే ఇదే నయం. డ్రైయర్ ఉన్నవాళ్లకు ఈ టెన్షన్ లేదు. కాకపోతే బట్టల నుంచి రాలే దూది పట్టే ఫిల్టర్ ప్రతిసారీ శుభ్రం చేయాలి. నూనె మరకలు పూర్తిగా పోని గుడ్డల్ని డ్రైయర్‌లో వేయకూడదు. లోపలి నూనె వేడెక్కి, గుట్టగా ఉంచినప్పుడు నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఎండ మంచిదే. త్వరగా ఆరుతాయి, సూక్ష్మజీవులు కొన్నైనా చస్తాయి. కానీ పైన చెప్పినట్టు ఎండ మీదే భారం వేయకండి. జిడ్డు పోని బట్టను ఎంత ఎండలో వేసినా తడి తగలగానే పాత కథే. రంగు బట్టలు తిరగేసి వేయండి.

ఆరిందో లేదో చేత్తో పట్టుకుంటే మోసపోతాం. బట్ట మధ్యలో ఎప్పుడో ఆరిపోతుంది, కుట్లు, కాలర్ అంచు, చంక కింది అతుకు, నడుం పట్టీ మాత్రం గంటల తరబడి తడిగా ఉంటాయి. అక్కడ చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా నీరు ఆవిరవుతోందని అర్థం. ఆ స్థితిలో ఇస్త్రీ చేసి మడతపెట్టకండి. ఇస్త్రీ వేడికి పైపైన ఆరినట్టు ఉంటుంది, లోపలి తడి మడతల్లో చిక్కుకుపోతుంది. ఇస్త్రీ అయ్యాక కూడా కాసేపు హ్యాంగర్‌కు వదిలేసి తర్వాత లోపల పెట్టండి.

వ్యాయామం బట్టల గురించి మీరు అడగలేదు కానీ, ఇంట్లో ఉంటే ఇదీ తెలుసుకోండి. పాలిస్టర్ నీళ్లను పీల్చదు, జిడ్డును మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన పరిశోధనలో, వ్యాయామం చేసినవాళ్ల టీషర్టుల్లో నూలు వాటికంటే పాలిస్టర్ వాటికే దుర్వాసన ఎక్కువని తేలింది. మైక్రోకాకస్ జాతి బాక్టీరియా పాలిస్టర్ మీద బాగా పెరుగుతుందని కూడా చూపించారు. ఈ బట్టల్ని విప్పగానే తిరగేసి, ఆరేసి, వీలైనంత త్వరగా ఉతకండి. సాగే దారం ఉంటుంది కాబట్టి మరీ వేడి నీళ్లు వద్దు, 40 డిగ్రీలు దాటనివ్వకండి. ఎంజైములున్న డిటర్జెంట్‌లో నానబెట్టడమే వీటికి మంచి మార్గం.

వెనిగర్ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. అది నీటి ఉప్పును, మిగిలిన సబ్బు క్షారాన్ని కొంత తీస్తుంది. జిడ్డును తీయదు, బాక్టీరియా మీద దాని ప్రభావం కూడా పరిమితమే. ఎప్పుడూ మెషిన్‌లో పోస్తుంటే రబ్బరు భాగాలు పాడయ్యే అవకాశం ఉంది. నేను దాన్ని మొదటి మందుగా ఎవరికీ చెప్పను. వంట సోడా కూడా అంతే, బలహీనమైన క్షారం, పాత వాసనకు సరిపోదు.

ఒక్క విషయంలో మాత్రం దయచేసి చాలా జాగ్రత్తగా ఉండండి. క్లోరిన్ బ్లీచ్ అంటే పైన చెప్పిన ఆక్సిజన్ బ్లీచ్ కాదు, ఘాటు వాసన వచ్చే మామూలు లిక్విడ్ బ్లీచ్. క్లోరిన్ బ్లీచ్‌ను వెనిగర్, నిమ్మ ఉప్పు లాంటి ఏ ఆమ్లంతోనూ కలపకూడదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియాతోనూ కలపకూడదు. పసిపిల్లల మూత్రం తగిలిన బట్టల్లో కూడా అమ్మోనియా ఉంటుంది, వాటిని ముందు మంచినీళ్లతో బాగా జాడించాకే బ్లీచ్ సంగతి ఆలోచించండి. మెషిన్‌లో ఈ రోజు ఒకటి, రేపు ఇంకొకటి వేయాలనుకున్నా మధ్యలో ఖాళీగా ఒక ఉతుకు తిప్పి కడిగేయండి. క్లోరిన్ బ్లీచ్ తెల్ల నూలు బట్టలకే. ఉన్ని, పట్టు, సాగే బట్టలకు వాడితే పాడైపోతాయి.

పెట్టేటప్పుడు బాగుండి, బీరువాలో కొన్ని వారాలున్నాక వాసన వస్తే తప్పు ఉతుకులో లేదు. బీరువా చెమ్మ గోడకు ఆనుకుని ఉందేమో చూడండి. గోడకూ బీరువాకూ మధ్య గాలి ఆడేంత ఎడం ఉంచండి. లోపల బూజు ఉంటే తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాకే బట్టలు సర్దండి. బట్టలు ఒత్తుగా కుక్కకండి.

చివరిగా, మీరు రాసినదాన్ని బట్టి మీది ముక్క వాసనే అనుకుంటున్నాను. అలా కాకుండా కుళ్లిన గుడ్డు వాసన అయితే దారి వేరు. మెషిన్ మురుగు గొట్టాన్ని గోడలోని పైపులోకి మరీ లోతుగా దించి ఉంటే, లేదా మరీ కిందికి పెట్టి ఉంటే, మురుగు నీళ్లు వెనక్కి రావచ్చు. గొట్టాన్ని మెషిన్ పుస్తకంలో చెప్పిన ఎత్తులో పెట్టి చూడండి. అదీ కాకపోతే కుళాయి నీళ్లను గ్లాసులో పట్టి వాసన చూడండి, చల్లనీళ్లు విడిగా, వేడి నీళ్లు విడిగా. వేడి నీళ్లలోనే వస్తే గీజర్ ట్యాంక్ లోపల శుభ్రం చేయించాలి. రెండింటిలోనూ వస్తే నీటి ట్యాంకు, బోరు వైపు చూడాలి. నీళ్లు బాగుండి, మెషిన్ దగ్గర మాత్రమే వాసన ఉంటే ప్లంబర్‌ను పిలిచి, ఆ మురుగు పైపుకు నీటి వంపు (నీళ్లు నిలిచి, మురుగు వాసనను పైకి రానివ్వకుండా ఆపే వంపు) ఉందో లేదో చూపించుకోండి.